కిచెన్, బాత్రూమ్, లైట్లు: హైదరాబాద్ ఫ్లాట్‌లో చేయించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

నల్లగండ్ల కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. నల్లగండ్లలో మా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాయి. దసరాకి ఇంట్లో చేరాలని మా ఆలోచన. ఇంటీరియర్ కోసం షోరూములు తిరుగుతున్నాం. ఎక్కడికెళ్లినా త్రీడీ బొమ్మ ఒకటే: తెల్లటి కిచెన్, పైనుంచి వేలాడే లైట్లు, గట్టు మీద పూలకుండీ. మా ఇంట్లో రెండు పూటలా వంట ఉంటుంది. ఇడ్లీ పిండి ఇంట్లోనే రుబ్బుతాం. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీలు, 25 కిలోల బియ్యం బస్తా ఉంటాయి. అవి ఎక్కడ పెట్టాలని అడిగితే లాఫ్ట్‌లో పెట్టుకోవచ్చు మేడమ్ అంటున్నారు. అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇప్పటికే చేయించుకుని కొన్నేళ్లు వాడినవాళ్ల మాట వినాలని ఉంది. కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి కదా.

మల్కాజిగిరి వంటిల్లు:
ముందు గట్టు ఎత్తు తేల్చుకోండి. బిల్డర్ అన్ని ఫ్లాట్లకీ ఒకే ఎత్తు వేసేస్తాడు. వంట చేసేవాళ్లు నిలబడి చేయి మడిస్తే మోచేయి ఎక్కడుందో చూసి, దానికి 4 నుంచి 6 అంగుళాలు కిందకి గట్టు ఉండాలి. కూరగాయలు తరిగేటప్పుడు నడుము వంగదు. గట్టు మీద స్టవ్ పెట్టేవాళ్లయితే స్టవ్ ఎత్తు కూడా కలుపుకోవాలి, లేకపోతే కుక్కర్‌లో గరిటె తిప్పాలంటే భుజం లేపాలి. మా వంటింట్లో స్టవ్ ఉన్న ముక్క వరకు గట్టు కొంచెం దించి కట్టించాం. షోరూమ్‌వాళ్లు గీత చెడిపోతుందన్నారు, మేం వినలేదు.

గట్టుకి నల్ల గ్రానైటే వేయించండి. చీమకుర్తి గెలాక్సీ రాయి పక్క రాష్ట్రం ఆంధ్రాలోనే దొరుకుతుంది, పసుపు పడ్డా కనిపించదు, పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెట్టినా ఏమీ కాదు. తెల్ల క్వార్ట్జ్ అందంగానే ఉంటుంది కానీ అందులో రెజిన్ కలుస్తుంది, వేడి గిన్నె పెడితే మరక పడుతుంది. మార్బుల్ అసలు వద్దు, నిమ్మరసం, చింతపండు పులుసు పడిన చోటల్లా పాలిష్ పోతుంది.

గట్టు కింద తలుపులున్న అరలు కాకుండా అన్నీ డ్రాయర్లు పెట్టించండి. అమ్మగారి మోకాళ్లకి ఇదే పెద్ద సాయం. అరలో వెనకాల ఉన్న డబ్బా తీయాలంటే కింద కూర్చోవాలి. డ్రాయరైతే నిలబడే లాగి పైనుంచి చూసుకోవచ్చు. ఆవకాయ జాడీలకి మాత్రం డ్రాయరూ వద్దు, వైర్ బాస్కెట్టూ వద్దు. జాడీ అంచున కారిన ఉప్పు నూనె ఇనుముని తినేస్తుంది. వాష్ ఏరియా వైపు గోడకి నడుమెత్తున ఒక గ్రానైట్ అర వేయించి అక్కడ వరసగా పెట్టండి. తుడిస్తే పోతుంది. గ్రైండర్ కూడా అక్కడే, మోకాలి ఎత్తు దిమ్మె మీద, పక్కనే స్విచ్చుతో. దాన్ని ఎత్తి దించే పని ఎవరికీ ఉండకూడదు.

వుడ్‌వర్క్ నాన్న పని:
మా నాన్న కార్పెంటర్, నేనూ ఇదే పనిలో ఉన్నాను. కొటేషన్‌లో 'వాటర్‌ప్రూఫ్ ప్లై' అని రాస్తే ఒప్పుకోకండి. ఏ గ్రేడో రాయించుకోండి. సింకు కింద, గట్టు కింద బాక్సులకి మరిగే నీళ్లకి కూడా తట్టుకునే బీడబ్ల్యూపీ, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది. పైన అల్మారాలకి, బెడ్‌రూమ్ వార్డ్‌రోబులకి దానికన్నా ఒక మెట్టు తక్కువది, ఐఎస్ 303 లో బీడబ్ల్యూఆర్ చాలు. ఎంఆర్ అనే కమర్షియల్ ప్లై వంటింటికి పనికిరాదు. అనుమానముంటే షీటులోంచి చిన్న ముక్క అడిగి ఇంట్లో గిన్నెలో నాలుగైదు గంటలు మరిగించండి. పొరలు విడిపోతే వెనక్కి పంపించేయండి. మంచి షాపువాళ్లు ముక్క ఇవ్వడానికి వెనకాడరు.

ఇంకో మాట, చదరపు అడుగు రేటు తక్కువగా కనిపించినా కొలత ఎలా వేస్తారో అడగండి. కొందరు ముందు వైపు కనిపించే ముఖం మాత్రమే కొలుస్తారు. కొందరు లోపలి అరలు, పక్కలు, వెనక అన్నీ విప్పి కొలుస్తారు. రెండో పద్ధతిలో తక్కువ రేటుకే ఎక్కువ బిల్లు వస్తుంది. 18 శాతం జీఎస్టీ ఆ రేటులో ఉందా, విడిగా వేస్తారా అన్నది కూడా రాయించుకోండి.

కింద బాక్సులు నేల మీద ఆనకూడదు. 4 అంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టి ముందు తీసిపెట్టే పట్టీ వేయించండి. సింకు పైపు కారినా పట్టీ తీసి తుడుచుకోవచ్చు, చెదలొచ్చినా కంటపడుతుంది. బాస్కెట్లు తొందరగా తుప్పు పట్టని 304 గ్రేడ్ స్టీలువి తీసుకోండి. తలుపుల కీళ్లు, డ్రాయర్ల ఛానెళ్లు పేరున్న కంపెనీవే తీసుకోండి, రోజుకి పదిసార్లు లాగే వస్తువులవి. షటర్ల, అంటే బాక్సుల తలుపుల రంగు మీద ఖర్చు తగ్గించినా పరవాలేదు, వీటి మీద తగ్గించొద్దు.

సైనిక్‌పురి పాతిల్లు:
షోరూమ్‌వాళ్లు ఓపెన్ కిచెన్ అంటే మాత్రం ఆలోచించండి. మన తాళింపులకి, చేపల వేపుడికి హాల్లో సోఫాల వరకూ వాసన వెళ్తుంది. మా తమ్ముడి ఇంట్లో మధ్యలో గ్లాస్ స్లైడింగ్ తలుపు పెట్టించారు, వంట సమయంలో మూస్తారు, మిగతా వేళ తెరిచే ఉంటుంది. అది బాగుంది. చిమ్నీ కొనేటప్పుడు సక్షన్ అంకె, అంటే గంటకి ఎన్ని ఘనమీటర్ల గాలి లాగుతుందన్నది ఒక్కటే చూడకండి. గొట్టం ఎంత దూరం పోవాలి, ఎన్ని మలుపులు తిరగాలి అన్నదాన్ని బట్టి పొగ లాగుతుంది. 6 అంగుళాల గొట్టాన్ని గోడ దగ్గర 4 అంగుళాలకి కుదిస్తే 1200 సక్షన్ ఉన్న మిషనూ పనికిరాదు, శబ్దం మాత్రం పెరుగుతుంది. స్టవ్ పైన కంపెనీ చెప్పిన ఎత్తులోనే బిగించాలి, సాధారణంగా 26 నుంచి 30 అంగుళాలు ఉంటుంది.

సిలిండర్ గట్టు కింద పెడితే ఆ షటర్‌కి కింది భాగంలో గాలి రంధ్రాలు తప్పనిసరి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. పైపు గ్యాస్ తేలిక, పైకి పోతుంది, అందుకని అది ఉన్నవాళ్లకి పైన వెంటిలేటర్ ముఖ్యం.

నిజాంపేట బోరునీళ్లు:
బాత్రూమ్ సంగతి నేను చెప్తాను. ముందు మీ కమ్యూనిటీలో ఏ నీళ్లు వస్తాయో కనుక్కోండి. మెట్రో వాటర్ బోర్డు నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు, ఎండాకాలం ట్యాంకరు వస్తే అది ఇంకో రకం. బోరు నీళ్లున్న చోట నల్ల మ్యాట్ కుళాయిలు, పెద్ద గాజు పార్టిషన్ చూడ్డానికి బాగుంటాయి, నెల తిరక్కముందే తెల్ల మచ్చలు కడతాయి. రోజూ వైపర్‌తో లాగితేనే గాజు గాజులా ఉంటుంది. మామూలు క్రోమ్ కుళాయి మీద మచ్చ ఆనదు, నిమ్మచెక్కతో రుద్ది కడిగేస్తే పోతుంది. పైనుంచి వాన పడినట్టుండే వెడల్పు షవర్ రంధ్రాలు సున్నంతో మూసుకుపోతాయి. వేలితో రుద్దితే సున్నం రాలిపోయే రబ్బరు రంధ్రాలున్నది తీసుకోండి.

గీజర్‌లో మెగ్నీషియం రాడ్ ఒకటుంటుంది. ట్యాంకుకి బదులు అది అరిగిపోతుంది. బోరు నీళ్లలో ఇంకా తొందరగా అరుగుతుంది. సర్వీసుకి వచ్చినప్పుడు అది తీసి చూపించమనండి, అరిగి సన్నగా అయిపోతే మార్పించండి.

పాత టైల్స్ తీసి కొత్తవి వేయిస్తే మాత్రం వాటర్‌ప్రూఫింగ్ దగ్గర గట్టిగా నిలబడండి. మాకు పని చేసిన కాంట్రాక్టరు రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడమంటే టైమ్ లేదని దాటేశాడు. కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్‌లో పెచ్చులు ఊడాయి. కింద ఉండే పెద్దాయన ఎంతో ఓపికగా మాట్లాడారు కానీ మాకు తల ఎత్తుకోలేనట్టయింది. మళ్లీ అంతా పగలగొట్టాం, డబ్బు రెండింతలయింది. టైల్ పడకముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్‌కి మీరే వెళ్లి సీలింగ్ చూసుకోండి.

నల్లగండ్ల కొత్తిల్లు:
నిజాంపేట గారూ, చాలా థ్యాంక్స్. బిల్డర్ వేసిన టైల్స్ నున్నగా మెరుస్తున్నాయి, అమ్మ జారుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మొత్తం పగలగొట్టించాలా?

నిజాంపేట బోరునీళ్లు:
గోడలవి ముట్టుకోకండి. అమ్మగారు వాడే బాత్రూమ్‌లో నేలవి మాత్రం మార్పించడం మంచిది. పగలగొట్టాక వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ మొదటి నుంచీ చేయించాలి. గరుకుదనానికి ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని గ్రేడ్లుంటాయి. కనీసం ఆర్ 10, స్నానం చేసే వైపు ఆర్ 11 అడగండి. షాపులో టైల్ మీద నీళ్లు చల్లించి, చెప్పు తీసి నిలబడి చూడండి. కొత్త టైల్ కింద వాలు నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ వైపు సరిగ్గా వచ్చిందా అని మగ్గుతో నీళ్లు పోసి చూశాకే మేస్త్రీని పంపించండి. కమోడ్ పక్కన, షవర్ పక్కన పట్టుకునే స్టీలు రాడ్లు పెట్టించండి. కమోడ్ మామూలుగా 15, 16 అంగుళాలుంటుంది. 17 నుంచి 19 అంగుళాల ఎత్తువి దొరుకుతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి లేవడం తేలికవుతుంది.

కరెంటు పని కూకట్‌పల్లి:
అక్కా, మీది మైవాన్ కట్టడమా (అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టేది), ఇటుక గోడలా అన్నది అన్నిటికన్నా ముందు కనుక్కోండి. ఇప్పుడొచ్చే పెద్ద టవర్లలో చాలావాటికి గోడలు కూడా కాంక్రీటే. అందులో కొత్త పాయింట్ కోసం గాడి కొట్టకూడదు, కమ్యూనిటీ వాళ్లూ ఒప్పుకోరు. అప్పుడు కొత్త వైరింగ్ అంతా ఫాల్స్ సీలింగ్‌లోంచి, వుడ్‌వర్క్ వెనకనుంచి రావాలి. అందుకే లైట్ల ప్లాన్ చివర్లో కాదు, కార్పెంటర్ మొదటి షీటు కోసేముందే కాగితం మీద ఉండాలి.

వంటింట్లో చాలా ఇళ్లలో సీలింగ్ మధ్యలో ఒక లైటు ఉంటుంది. గట్టు వైపు తిరిగి నిలబడితే ఆ లైటు మీ వీపు వెనకాల ఉంటుంది, మీ నీడే తరిగే పీట మీద పడుతుంది. పెద్దవాళ్లకి బియ్యంలో రాయి కనిపించకపోవడానికి చూపు ఒక్కటే కారణం కాదు. పై కబోర్డుల అడుగున, ముందు అంచుకి దగ్గరగా ఎల్ఈడీ స్ట్రిప్పు వేయించండి. స్ట్రిప్పు ఊరికే అంటించొద్దు, అల్యూమినియం ప్రొఫైల్‌లో పెట్టి పాలలాంటి తెల్లటి ప్లాస్టిక్ మూత వేయిస్తే చుక్కలు చుక్కలుగా కనిపించదు, వేడి కూడా బయటికి పోతుంది. దానికి కరెంటు అందించే డ్రైవరు డబ్బా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, కబోర్డు వెనక మూసేయకుండా చేతికందే చోట పెట్టించండి.

రంగు విషయం. 6500 కెల్విన్ అంటే నీలంగా కొట్టే తెలుపు, మన ట్యూబ్‌లైట్ అలవాటు అదే. 3000 పసుపు వెలుగు, హాల్లో, పడకగదిలో కంటికి హాయి. గట్టు మీదకి 4000 నా ఇష్టం, కూరగాయ తాజాదో కాదో తెలుస్తుంది. పెట్టె మీద సీఆర్ఐ 90 ఉందా చూడండి, రంగులు నిజంగా కనిపించడం దాన్ని బట్టి ఉంటుంది. ఒకే గదిలో రెండు మూడు రకాల తెలుపు కలపకండి.

హాల్లో ఫ్యాన్ రెక్కలు తిరిగే వలయం పైన సీలింగ్ లైట్లు వేయించొద్దు. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా గోడల మీద నీడలు కొట్టుకుంటాయి, తలనొప్పి వస్తుంది. డిజైన్ బొమ్మలో ఫ్యాన్ గీయరు కాబట్టి ఇది ఎవరికీ తట్టదు. బాత్రూమ్ అద్దానికి పైన ఒక లైటు కన్నా రెండు పక్కలా ముఖం ఎత్తులో ఉంటే కళ్ల కింద నీడ పడదు. అమ్మగారి మంచం నుంచి బాత్రూమ్ వరకు నేలకి అడుగెత్తున చిన్న సెన్సర్ లైట్లు, మంచం దగ్గర టూవే స్విచ్చు (రెండు చోట్ల నుంచి వేసి ఆపేది) మర్చిపోవద్దు. గీజర్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు ఉందో లేదో ఇంట్లో ఎంసీబీలుండే బోర్డులో చూపించమనండి.

సైనిక్‌పురి పాతిల్లు:
తమ్ముడూ, ఫాల్స్ సీలింగ్ ఇల్లంతా కావాలా? మాకు తాండూరు బండల నేల, పదడుగుల స్లాబ్, గోడకి బ్యాటెన్ లైట్లు. వెలుతురికి ఏ లోటూ లేదు.

కరెంటు పని కూకట్‌పల్లి:
అక్కర్లేదండీ. మీది ఇటుక గోడ, కావలసిన చోట పాయింట్ కొట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో స్లాబ్ తొమ్మిదిన్నర అడుగులుంటే గది మొత్తం దించడం నాకూ ఇష్టం ఉండదు. వైరు పోవాల్సిన అంచుల వెంబడి అడుగున్నర పట్టీ చాలు. ఫ్యాన్ ఉన్న మధ్యభాగం స్లాబ్ అలాగే వదిలేస్తే గాలి కూడా బాగా ఆడుతుంది. మీ తాండూరు బండలకి మాత్రం యాసిడ్ తగలనీయకండి, అది సున్నపురాయి.

నల్లగండ్ల కొత్తిల్లు:
ఇవాళ సైట్ ఇంజినీరుని అడిగాను, మాది మైవానే. అయితే లైట్ల కాగితం ముందు గీయిస్తాను. ఇంటి పైపులు, వైర్లు ఎక్కడున్నాయో తెలిపే డ్రాయింగ్ బిల్డర్ ఇస్తారా? రాడ్లు బిగించేటప్పుడు డ్రిల్ పైపుకి తగులుతుందేమోనని భయం.

కరెంటు పని కూకట్‌పల్లి:
అడిగితే ఇస్తారు, ఈమెయిల్‌లో అడగండి. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ రెండూ విడివిడి షీట్లుంటాయి. నేల పగలగొట్టినప్పుడు టేపు పక్కన పెట్టి ఫొటోలు కూడా తీసుకోండి. లైట్ల కోసం కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కి వెళ్లండి. మొత్తం ఒకేసారి కొనకుండా రకానికొకటి తెచ్చుకుని, రాత్రి మీ ఇంట్లోనే వెలిగించి చూడండి. షాపులో వంద లైట్లు ఒక్కసారి వెలుగుతుంటాయి, అక్కడ ఏదీ తెలియదు.

వుడ్‌వర్క్ నాన్న పని:
రాడ్లకి కాంక్రీటు గోడైతే ఇంకా మంచిదక్కా, యాంకర్ బోల్టు గట్టిగా పట్టుకుంటుంది. కుళాయిలు, హ్యాండిళ్లు రాణిగంజ్‌లో చూడండి. బిల్లు, వారంటీ కార్డు మీ పేరు మీదే తీసుకోండి, కాంట్రాక్టరు పేరు మీద వద్దు. వరస ఇదీ: అమ్మగారి బాత్రూమ్ నేల, తర్వాత సీలింగ్ ఫ్రేమూ వైర్లూ, తర్వాత పెయింట్ మొదటి కోటు, ఆ తర్వాతే మా వుడ్‌వర్క్. దసరా అంటున్నారు కదా, బాత్రూమ్ మేస్త్రీని ఈ వారమే మాట్లాడుకోండి.