స్ట్రెస్ ఫ్రాక్చర్ అతుక్కోకముందే ట్రయథ్లాన్‌కు దిగవచ్చునా?

అనంతపురం నుంచి, ప్రశ్న

గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి పేరు ఇచ్చి ఉన్నాను. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, ఆ వెంటనే 21.1 కిలోమీటర్ల పరుగు. గత నెలలో బుక్కరాయసముద్రం చెరువు వైపు పరిగెత్తుతుండగా ఎడమ మోకాలి కింద, లోపలి అంచున నొప్పి మొదలై క్రమంగా పెరిగింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు గాని, ఎం.ఆర్.ఐ.లో టిబియా ఎముకకు, అంటే మోకాలి కింది పెద్ద ఎముకకు, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడిన ఒత్తిడి వల్ల వచ్చే సన్నని పగులు) ఉన్నట్టు తేలింది. డాక్టరుగారు పరుగు పూర్తిగా ఆపించి, నొప్పి రానంతవరకు ఈత, సైకిల్ చేసుకోమన్నారు. ఇప్పుడు మామూలుగా నడిస్తే నొప్పి లేదు. పోటీకి రెండు నెలలు కూడా లేదు. మొదటి రెండు అంకాలు పూర్తిచేసి, పరుగును నడకతో ముగించడం సబబేనా, లేక ఈ ఏడాదికి విరమించుకోవాలా? కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కర్నూలు నుంచి, సైక్లిస్టు

విరమించుకోవద్దనే నా అభిప్రాయం. ట్రయథ్లాన్‌లో ఉన్న మూడింటిలో శరీర బరువు కాలి మీద పడేది ఒక్క పరుగులోనే. ఈతలో నీరే మనల్ని మోస్తుంది, సైకిల్ మీద బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. దెబ్బ తగిలిందంటే మంచం పట్టమనే సలహాకు కాలం చెల్లింది. నడుముకు తేలే బెల్టు కట్టుకుని లోతు నీటిలో పరుగు సాధన చేసేవారు ఉన్నారు. ఓర్వకల్లు దాకా వెళ్లి వచ్చే మా బృందంలోనే పరుగు మానేసి, సైకిల్ మీదనే దమ్ము నిలుపుకున్నవారిని చూస్తున్నాను. నడవడానికి పోటీ నియమాలు అడ్డు చెప్పవు. టిమ్ డాన్ సంగతి గుర్తు చేసుకోండి. 2017 అక్టోబరులో హవాయిలో వాహనం ఢీకొని మెడ ఎముక విరిగిన ఆ బ్రిటిష్ ట్రయథ్లెట్, 2018 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 49 నిమిషాల్లో ముగించాడు. ఏడాది పాటు తెల్లవారుజామున లేచి సాధన చేసిన మనిషిని, నొప్పి లేని కాలు పేరు చెప్పి ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

కడప నుంచి, ఫిజియోథెరపిస్టు

కర్నూలు మిత్రులు ఈత, సైకిల్ గురించి రాసినదంతా నిజమే. నా అభ్యంతరం అంతా ఆ నిజం నుంచి వారు తీసిన ముగింపు మీదనే.

పదేపదే ఒత్తిడి పడిన చోట శరీరం ముందుగా పాత ఎముకను తొలగిస్తుంది, ఆ తరువాతనే కొత్త ఎముకను నింపుతుంది. తొలగించే కణాల పని త్వరగా సాగుతుంది, నింపే కణాలది నిదానం, నిండిన ఎముకలో ఖనిజం చేరి గట్టిపడడం ఇంకా నిదానం. అందువల్ల నొప్పి పోయిన నాటికీ, ఎముక బరువు మోయగలిగే నాటికీ మధ్య వారాల తేడా ఉంటుంది. ప్రశ్న అడిగినవారు ఇప్పుడు సరిగ్గా ఆ వ్యవధిలో ఉన్నారు. నడిస్తే నొప్పి లేకపోవడం మంచి సూచనే, అయితే అది ఆరంభ సూచన మాత్రమే.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఇది. ఈత, సైకిల్ వల్ల గుండె, ఊపిరితిత్తులు, తొడ కండరాలు ఏమాత్రం వెనకబడవు, ఎముక ఒక్కటే వెనకబడుతుంది. ఆరు వారాలు కదలకుండా ఉన్న మనిషి పరుగుకు దిగితే రెండు కిలోమీటర్లకే ఆయాసం వచ్చి ఆగిపోతాడు, ఆ ఆయాసమే అతని కాలిని కాపాడుతుంది. సైకిల్ మీద దమ్ము నిలుపుకున్నవాడికి ఆ కాపుదల లేదు, ఎముక మోయలేని వేగంతో ఎముక మోయలేని దూరం పోగల శక్తి అతనికి ఉంటుంది. కర్నూలు మిత్రులు బలమని చెప్పినదానిని పోటీ రోజున నేను ప్రమాదంగా లెక్కిస్తాను. మిరమార్ బీచ్ దగ్గర జనం కేకలు వేస్తుంటే, పక్కనుంచి ఒక్కొక్కరే దాటిపోతుంటే, నడుస్తానని మాట ఇచ్చుకున్న మనిషి నడకకే కట్టుబడి ఉంటాడని నేను నమ్మను.

కట్టుబడి ఉన్నాడనే అనుకుందాం. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి వస్తుంది, నడకలో అది బరువు కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ. నడక మేలే. అయితే 21 కిలోమీటర్లు నడవడానికి సుమారు ముప్ఫై వేల అడుగులు పడతాయి. గంటకు ఆరు కిలోమీటర్ల చొప్పున చకచకా నడిచినా మూడున్నర గంటలు. అది కూడా 90 కిలోమీటర్లు తొక్కి అలసిన కాళ్లతో, సముద్రపు ఉక్కలో. పిక్క కండరాలు తాజాగా ఉన్నప్పుడు ఎముక వంపును కొంత అడ్డుకుంటాయి, అవి అలసిపోతే ఆ భారమంతా ఎముక మీదకే వస్తుంది. పైగా సమయ పరిమితి తరుముతుంటే నడక ఎక్కడో ఒకచోట పరుగుగా మారుతుంది.

పగులు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. వారు చెప్పిన లోపలి అంచు పగులు సాధారణంగా బాగానే అతుక్కుంటుంది, పరుగు మళ్లీ మొదలుపెట్టడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టడం మామూలు. అదే టిబియా ముందు అంచున ఉంటే కథ వేరు. అక్కడ రక్త ప్రసరణ తక్కువ, ప్రతి అడుగుకూ ఎముక విడిపోయే దిశలో లాగబడుతుంది. నిర్లక్ష్యం చేస్తే పూర్తిగా విరిగి, లోపల రాడ్ వేయవలసి రావచ్చు. మీ ఎం.ఆర్.ఐ. రిపోర్టులో చోటు స్పష్టంగా రాసి ఉంటుంది, దానిని డాక్టరుగారితో మరోసారి చదివించుకోండి.

పోటీ రోజున నొప్పి మాత్ర వేసుకుని గట్టెక్కుదామన్న ఆలోచన ఉంటే అది ఇప్పుడే విడిచిపెట్టండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి నొప్పి అనే ఒకే ఒక హెచ్చరికను ఆపేస్తాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు కూడా హాని చేస్తాయి.

ఒక మాట పక్కకు వెళ్లి చెబుతాను. మన జిల్లాల్లో ఎండకు భయపడి తెల్లవారకముందే సాధన ముగించి, రోజంతా ఆఫీసులో కూర్చునేవారు చాలామంది. ఇంత ఎండ ఉన్న సీమలో విటమిన్ డి తక్కువగా ఉండడానికి అదొక కారణం. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని భోజనం తగ్గించేవారూ ఉన్నారు. అతుక్కునే ఎముకకు తిండి కావాలి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, సంగటి మానేసి డబ్బాల్లోని పొడులకు ఎగబడనక్కరలేదు. విటమిన్ డి పరీక్ష మాత్రం చేయించుకోండి.

కర్నూలు నుంచి, సైక్లిస్టు

అడుగుల లెక్క నన్ను ఆలోచింపజేసింది, ఒప్పుకుంటాను. అయినా టిమ్ డాన్ ఉదాహరణకు మీరు జవాబు చెప్పలేదు. అందరికీ ఒకే కొలత పెడితే ఆటలో పట్టుదలకు విలువ ఎక్కడ?

కడప నుంచి, ఫిజియోథెరపిస్టు

ఆ ఉదాహరణ నా వైపే నిలుస్తుంది. మెడ ఎముకలను శస్త్రచికిత్సతో కలిపి బిగిస్తే మెడ కదలిక తగ్గుతుందని ఆయన ఎక్కువ బాధ కలిగించే మార్గాన్ని ఎంచుకున్నాడు. పుర్రెకు మరలతో బిగించిన హాలో చట్రాన్ని మూడు నెలలు మోశాడు. ఎముక అతుక్కుని, చట్రం తీసిన తరువాతనే పరుగు మొదలుపెట్టాడు. పట్టుదలకు అంతకంటే పెద్ద నిదర్శనం నాకు తెలియదు, అయితే అది పోటీకి దిగడంలో ఎంత ఉందో ఆగడంలోనూ అంతే ఉంది. పైగా ఆయన విరగగొట్టుకున్నది మెడ, పరుగు భారమంతా మోసే కాలి ఎముక కాదు.

ప్రొద్దుటూరు నుంచి, కోచ్

ఇద్దరి వాదనా విన్నాక ఒక దారి కనిపిస్తున్నది. ఆ పోటీలో రిలే విభాగం ఉంటుంది, ఒకరు ఈత, ఒకరు సైకిల్, ఒకరు పరుగు. ఒంటరి నమోదును రిలేకు మార్చడానికి వీలుందో, వచ్చే ఏడాదికి వాయిదా వేయడానికి వీలుందో నిర్వాహకులకు ఈరోజే రాసి అడగండి, ఇటువంటి మార్పులకు గడువు ఉంటుంది. పరుగుకు అనంతపురంలోనే మనిషి దొరుకుతాడు. సైకిల్ అంకం మీరు తీసుకోండి.

కడప నుంచి, ఫిజియోథెరపిస్టు

కోచ్‌గారి సూచనకు నా పూర్తి మద్దతు, డాక్టరుగారి అనుమతి మాత్రం తప్పనిసరి. ఈత కంటే సైకిలే మేలు, ఎందుకంటే ఈత అంకం తీసుకున్నవారు నీటి నుంచి బయటికి రాగానే ఇసుకలో చెప్పులు లేకుండా పరుగెత్తుతారు, మీ కాలికి అదే వద్దు. సైకిల్ దిగేటప్పుడు ముందుగా కుడి కాలిని నేల మీద ఆనించండి, అక్కడి నుంచి, సమయం లెక్కించే చిప్‌ను పరుగు తీసుకున్నవారికి అందించే చోటు దాకా నడిచే వెళ్లండి. పరుగు సంగతి ఆ తరువాత చూద్దాం. ఎముక మీద వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు, ముప్పావు గంట చురుకైన నడకకు ఆ రోజు గాని మర్నాడు గాని నొప్పి రాకూడదు, ఎడమ కాలి మీద ఒంటికాలితో గెంతినా రాకూడదు. ఈ మూడూ కుదిరాక, రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. నొప్పి తిరిగి వచ్చిన రోజున వెనక్కి ఒక మెట్టు దిగాలి. ఆ మెట్లు ఎక్కడానికి పోటీ తేదీ సరిపోకపోతే, మార్చుకోవలసింది పోటీ తేదీనే.