అప్‌డేట్: మిస్టిక్ టోపాజ్ ఉంగరం రంగు ఎందుకు పోయిందో తెలిసింది

పోయిన నెల అడిగాను కదా, వెండి ఉంగరంలో మిస్టిక్ టోపాజ్ అనే రంగురాయికి ఇంద్రధనుస్సు మెరుపు ఓ పక్క పోయి గాజుముక్కలా తేలిందని. తెలిసిన కంసాలికి చూపించా. భూతద్దంలో నాకూ చూపించాడు: రాయి అడుగున సన్నటి గీతలు, గీత పడ్డచోటల్లా తెలుపు. రాయి అసలుదే. రంగులేని టోపాజ్ అడుగున టైటానియం లాంటి లోహపు పూత వేస్తారట. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద టోపాజ్‌ది పదికి 8, పూతకి అంత బలం ఎక్కడిది! నేనేమో వెండి నల్లబడిందని చింతపండు, పళ్లపొడి పెట్టి వెనకనుంచి బ్రష్‌తో తోమా. మళ్లీ సానపడితే ఉన్న రంగూ పోతుందట. అల్ట్రాసోనిక్ మెషీన్‌తో, ఆవిరితో శుభ్రం చెయ్యడం కూడా వద్దన్నాడు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలట. పూత సంగతి అమ్మినవాడు చెప్పలేదు, అదే మంట. ఉంగరం మాత్రం వేలినుంచి తియ్యలేదు.