శంషాబాద్‌లో ఏడున్నర గంటల ఖాళీ: సాలార్‌జంగ్ మ్యూజియం చూసి రావచ్చా, వద్దా?

కోటిపల్లి_రేవు
రాజమండ్రిలో (మధురపూడి) పొద్దున్న విమానం ఎక్కితే 9.40కి శంషాబాద్‌లో దిగుతారు. దుబాయ్ విమానం సాయంత్రం 5.10కి. వెళ్ళేది అరవై దాటిన దంపతులు, విజిట్ వీసా మీద కొడుకు దగ్గరికి. అంతసేపూ కుర్చీల్లో కూర్చోబెట్టే బదులు సాలార్‌జంగ్ చూపించి తీసుకురావచ్చని ఇంట్లో ఒకరంటున్నారు, పిచ్చిపని అని ఇంకొకరంటున్నారు. తెలిసినవాళ్ళు లెక్కలతో చెప్పండి.

మండపేట_మాస్టారు
వద్దండి. ఏడున్నర గంటలు చేతిలో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరమంటారు, అంటే 2.10కి టెర్మినల్ గేటు దగ్గర ఉండాలి. ఇటు దిగి, సామాను తీసుకుని బయటపడేసరికి 10.10. మిగిలింది నాలుగు గంటలు. అందులో రానూపోనూ రెండు గంటలు రోడ్డు మీదే పోతాయి. 1951లో నెహ్రూ ప్రారంభించినప్పుడు దివాన్ దేవిడీలో (సాలార్‌జంగ్‌ల పాత నివాసం) ఉన్న మ్యూజియం అది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. ముప్ఫైకి పైగా గ్యాలరీలు. టికెట్టు, తనిఖీ పోగా మిగిలే గంటన్నరలో చూసేదేముంటుంది? చూడాలనుంటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి ఎక్కి వెళ్ళి ఒక రోజంతా పెట్టుకోమనండి.

లంకగాలి
మాస్టారూ, లెక్క మీరే వేశారు, మీరే వద్దన్నారు! ఆ గంటన్నరే కావలసింది. మొత్తం చూడాలని ఎవరన్నారండి?

వరస ఇదీ: 10.10కి కారు. ఆరాంఘర్ దాకా రోడ్డు సాఫీయే. ఆరాంఘర్ నుంచి జూపార్క్ వైపు 2025 జనవరిలో ఫ్లైఓవర్ వచ్చాక ఆ ముక్క కూడా తేలికైంది. ఆలస్యమయ్యేది బహదూర్‌పురా దాటాక, పురానాపూల్ నుంచి మ్యూజియం ఉన్న దారుల్‌షిఫా వరకూ. దూరం దాదాపు 22 కిలోమీటర్లు, గంట వేసుకోండి. 11.10కి గేటు. టికెట్టు, సంచులు అప్పజెప్పడం, తనిఖీ కలిపి పావుగంట.

ముందు తిన్నగా వెయిల్డ్ రెబెకా దగ్గరికి వెళ్ళండి. బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ (నిజాం దివాను) రోమ్‌లో కొన్నది. మొహం మీది ముసుగు కూడా రాయేనని తెలిసినా, పక్కకి జరిగి వెలుతురులో చూస్తే పలచటి గుడ్డ తడిసి అంటుకున్నట్టే ఉంటుంది. తర్వాత జేడ్ (పచ్చరాయి) గది: జహంగీర్ బాకు, నూర్జహాన్ చాకు. అక్కడి నుంచి 11.45కల్లా మ్యూజికల్ గడియారం ముందు కుర్చీల్లో కూర్చోవాలి. కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తి వేస్తూనే ఉంటుంది. గంట కొట్టే వేళకి గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట మోగించి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, జనం కూడా అప్పుడే ఎక్కువ. ఆఖరి నిమిషంలో వెళ్తే పెద్దవాళ్ళకి ముందున్నవాళ్ళ వీపులే కనిపిస్తాయి.

12.50కి బయటికి, 2 గంటలకి శంషాబాద్. చైనా, జపాన్ సామానున్న ఈస్టర్న్ బ్లాకు జోలికి పోవద్దు. అక్కడ అరగంట ఇట్టే అయిపోతుంది.

అత్తిలి_అబ్బులు
ఇద్దరూ గంటలే లెక్కపెడుతున్నారు. ముందు టికెట్లు ఎన్నో అడగండి.

రాజమండ్రి నుంచి దుబాయ్ దాకా ఒకే పీఎన్‌ఆర్ అయితే సామాను మధురపూడి కౌంటర్‌లోనే దుబాయ్‌కి వేస్తారు. ట్యాగ్ మీద చివరి కోడ్ డీఎక్స్‌బీ అని ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. హెచ్‌వైడీ అని ఉంటే శంషాబాద్ బెల్టు మీదికే వస్తుంది. రెండు వేరు వేరు టికెట్లయితే పెట్టెలు మనమే తీసుకుని మళ్ళీ చెక్ ఇన్ చేయాలి. పైగా డొమెస్టిక్ టికెట్టు మీద మామూలుగా మనిషికి 15 కిలోలే. ఆవకాయ జాడీ, ఆత్రేయపురం పూతరేకులు వేసుకుని దుబాయ్ లెక్కన 30 కిలోలు సర్దితే రాజమండ్రిలోనే అదనపు సొమ్ము కట్టాలి.

వేరు టికెట్లతో ఇంకో చిక్కు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కి ఏ బాధ్యతా ఉండదు. డిసెంబరు, జనవరిలో మన వైపు పొగమంచు సంగతి తెలిసిందే కదా.

ఒకే టికెట్టు, చేతిలో చిన్న సంచి: వెళ్ళొచ్చు. రెండు టికెట్లు, నాలుగు పెట్టెలు: నోరుమూసుకుని కూర్చోవాలి.

యానాం_దొర
శుక్రవారం మ్యూజియం సెలవు. ఇది ఎవరూ చెప్పలేదేంటండీ?

కోటిపల్లి_రేవు
ఒకే పీఎన్‌ఆర్ అండి. వారం శనివారం. చేతిలో చెరో బ్యాక్‌ప్యాక్.

లంకగాలి
అయితే ఇంకేం! శుక్రవారమే పడినవాళ్ళెవరైనా ఇది చదివితే, బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది, శుక్రవారం కూడా తెరుస్తారు. బ్యాటు ఆకారంలో, హ్యాండ్‌బ్యాగు ఆకారంలో నడిచే కార్లు. ముప్పావు గంట చాలు, పాతబస్తీ లోపలికి పోనక్కర్లేదు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మటుకు శుక్రవారం ఉండదు.

మండపేట_మాస్టారు
ఒకే టికెట్టు అయితే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం రోడ్డు గురించే. దారుల్‌షిఫా అంటే పాతబస్తీ. ఆషూరా (మొహర్రం పదో రోజు) నాడు బీబీ కా ఆలం అనే పీరు ఊరేగింపు అటు మీదుగానే చాదర్‌ఘాట్‌కి పోతుంది. వినాయక నిమజ్జనం, రంజాన్ సాయంత్రాలు, బోనాలు, ఏవైనా సరే మీ గంట కాస్తా రెండున్నర అవుతుంది. ఆ తేదీకి పంచాంగం చూసుకున్నారా?

అత్తిలి_అబ్బులు
మాస్టారన్నది న్యాయమే. పండగ రోజైతే నేనూ వద్దంటాను.

కారు సంగతి: యాప్‌లో ఒక్క వైపు క్యాబ్ వద్దు. తిరిగి వచ్చేటప్పుడు మ్యూజియం ముందు రోడ్డు మీద నిలబడి డ్రైవర్‌ని వెతుక్కోవడంలోనే ఇరవై నిమిషాలు పోతాయి. 4 గంటలు, 40 కిలోమీటర్ల ప్యాకేజీ మీద కారు మాట్లాడుకుని అదే కారులో తిరిగిరండి. రానూపోనూ 44 దాకా అవుతుంది, పైనున్న కిలోమీటర్లకి విడిగా ఇవ్వాలని ముందే అనుకోండి. ముందున రోడ్డు మీద బండి ఆపనివ్వరు, కాబట్టి దిగేటప్పుడే డ్రైవర్ నంబరు తీసుకుని, బయటికి రావడానికి పది నిమిషాల ముందు ఫోన్ చేయాలి.

ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యం. బ్యాక్‌ప్యాక్‌లు మ్యూజియంలో అప్పజెప్పాలి. పాస్‌పోర్టులు, వీసా కాగితం, బోర్డింగ్ పాసులు, డబ్బు అందులో ఉంచకూడదు. జేబులోనో, మెడలో వేసుకునే చిన్న సంచిలోనో పెట్టుకోవాలి.

పేరూరు_పిల్ల
ఉద్యోగానికి మొదటిసారి గల్ఫ్ వెళ్ళేవాళ్ళు మాత్రం ఈ సలహా పాటించకండి, ఆయ్. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు అయితే ఇమిగ్రేషన్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్సు కూడా చూస్తారు, ఏదైనా కాగితం తక్కువైతే సరిచేసుకోడానికి ఆ ఖాళీ గంటలే దిక్కు. ఇమిగ్రేషన్ రాజమండ్రిలో అవ్వదు, అంతా శంషాబాద్‌లోనే.

ధవళేశ్వరం_లాకు
మ్యూజియం మీద అంత మోజుంటే బయల్దేరే ముందు రోజు ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం చూపించండి. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట కథంతా నమూనాలతో ఉంటుంది. పక్కనే ఉందని మనవాళ్ళు ఒక్కరూ లోపలికెళ్ళరు. విమానం తప్పుతుందన్న బెంగా ఉండదు.

లంకగాలి
అది రోజూ చూడొచ్చండి బాబూ! ప్రశ్న శంషాబాద్ గురించి.

కోటిపల్లి_రేవు
తేదీ చూశాం, పండగేం లేదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. అంత నడవగలరా? ఏ వేళ దాటితే మానుకోవాలి?

అత్తిలి_అబ్బులు
వీల్‌చైర్ లోపల అడిగితే ఇస్తారు. విమానానికీ వీల్‌చైర్ ఇప్పుడే బుక్ చేయండి, తిరిగొచ్చాక ఇమిగ్రేషన్, సెక్యూరిటీ వరసల్లో నిలబడే పని తగ్గుతుంది. వేళ సంగతికొస్తే, కారు కదిలేసరికి 10.40 దాటితే వెళ్ళొద్దు. గడియారం పన్నెండు దెబ్బలకి అందుకోలేమనే భయంతో పరుగు మొదలవుతుంది, ఒంటిగంట దెబ్బ కోసం ఆగితే ఇటు ఆలస్యమవుతుంది. మ్యూజియంలో ఉన్నా సరే, ఒంటిగంటకి కారు కదలాలి. చాలా ఎయిర్‌లైన్లు విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. బోర్డింగ్ పాస్ చేతిలో ఉన్నా ఇమిగ్రేషన్ వరస తప్పదు.

మండపేట_మాస్టారు
10.40 గీత దాటనని ఆ పెద్దాయన చేత ముందే ఒప్పించండి. అక్కడిదాకా వచ్చాం కదా అని పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అనేది మగాళ్ళే.