హిరోషిమా సంగతి సరే, మూడు రోజులకే నాగసాకి ఎందుకు?

చరిత్ర_పిచ్చి:
అణుబాంబు వెయ్యకపోతే జపాన్ లొంగేది కాదు, దండెత్తి ఉంటే ఇంకా లక్షల మంది పోయేవాళ్లు అని అందరం చదువుకున్నాం. ఆ లెక్క జోలికి పోను. తేదీలు చూడండి. 1945 ఆగస్టు 6న హిరోషిమా. 8న సోవియట్ యుద్ధం ప్రకటించి, అర్ధరాత్రి దాటాక జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలో దిగింది. 9న పొద్దున టోక్యోలో జపాన్ ఆరుగురు పెద్దల యుద్ధ మండలి కూర్చుంది. అదే పొద్దున 11:02కి నాగసాకి! రెండో బాంబుకి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విడిగా ఆలోచించిందే లేదు. తయారైన కొద్దీ వెయ్యమని జులై 25 నాటి ఆర్డరులోనే ఉంది. ముందు 11న అనుకున్నారు, వాతావరణం పాడవుతుందని 9కి జరిపారు. అసలు గురి కోకురా అనే ఇంకో ఊరు. మబ్బూ పొగా కమ్మి అది కనపడకపోతే నాగసాకికి మళ్లారు. యుద్ధం ఆపడానికి చేసే పని ఇలాగే ఉంటుందా?

వైజాగ్_పాతకాపు:
తేదీలు బాగానే చెప్పారు గానీ, మండలిలో ఏం జరిగిందో వదిలేశారు. ఆరుగురిలో ముగ్గురు చక్రవర్తిని ఉంచితే చాలు, లొంగిపోదాం అన్నారు. మిలటరీ పెద్దలు అనామి, ఉమెజు, తొయోదా ఒప్పుకోలేదు. ఆక్రమణ వద్దు, మా సైన్యాన్ని మేమే రద్దు చేసుకుంటాం, యుద్ధ నేరాల విచారణ మేమే చేసుకుంటాం అని భీష్మించుకున్నారు. మీటింగు నడుస్తుండగానే నాగసాకి కబురొచ్చింది, అప్పటికీ 3-3. 10వ తేదీ తెల్లవారుజామున చక్రవర్తి హిరోహితో కల్పించుకుంటే గానీ తేలలేదు. 14 రాత్రి కొందరు ఆఫీసర్లు ఆయన లొంగుబాటు ప్రసంగం రికార్డు బయటికి పోకుండా లాక్కోవడానికి రాజప్రాసాదంలోకే చొరబడ్డారు. వీళ్లతో నిదానంగా మాట్లాడేదేంటండీ?

1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు మా వైజాగ్ మీదా, కాకినాడ మీదా పడ్డాయి. బర్మా రైలుమార్గం వెయ్యడానికి మలయా రబ్బరు తోటల కూలీలను తోలుకుపోయారు. తమిళులే ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. ఆలస్యమయ్యే ప్రతి నెలా ఆసియాలో ఇలాంటి చావులే.

చరిత్ర_పిచ్చి:
కబురొచ్చాక కూడా 3-3 అని మీరే అన్నారు. అంటే నాగసాకి ఒక్క ఓటు కూడా మార్చలేదు కదండీ! ఆ కూలీల గోస కాదనను. కానీ బాంబు పేలింది ఉరకామి లోయ మీద. అక్కడి చర్చిలో ఆ సమయానికి జనం పాపసంకీర్తనానికి (ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వచ్చి ఉన్నారు. ఊళ్లో ఫ్యాక్టరీ పనికి బలవంతంగా తెచ్చిన కొరియన్లూ చచ్చారు. మీ రైలు కూలీల్లాంటివాళ్లే వాళ్లూ.

బెజవాడ_బాబాయి:
ఇద్దరూ బాంబునే పట్టుకు వేలాడుతున్నారు. మార్చి 9-10 రాత్రి మామూలు నిప్పుబాంబులతోనే టోక్యోలో లక్ష మంది దాకా మాడిపోయారు, దాని మీద ఎవరూ చర్చ పెట్టరు! చక్రవర్తి వంశాన్ని ఉండనివ్వొచ్చన్న ముక్క అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ ముసాయిదాలో ఉండేది. జులై 26న జపాన్‌ని లొంగిపొమ్మన్న పాట్స్‌డామ్ ప్రకటన వచ్చేసరికి తీసేశారు. చివరికి హిరోహితో 1989 దాకా గద్దె మీదే ఉన్నాడు. ఇచ్చేదేదో ముందే ఇచ్చి ఉంటే?

వైజాగ్_పాతకాపు:
బాబాయ్ గారూ, అనామి బృందానికి చక్రవర్తి ఒక్కడే సరిపోలేదని పైన రాశాను, చూడండి. ఇక ఓట్ల సంగతి. అమెరికా దగ్గర ఇలాంటి బాంబులు ఇంకెన్నో ఉండవులే అనే ధీమా మిలటరీ వాళ్లలో ఉండేది. రెండోది పడ్డాక ఆ మాట ఎవరు నమ్ముతారు? ఓటు మార్చకపోయినా హిరోహితోకి అడ్డు చెప్పే నోళ్లు తగ్గాయి.

చరిత్ర_పిచ్చి:
ఆ పనికి మంచూరియా చాలదా? సోవియట్ మధ్యవర్తిత్వం కోసం జులై అంతా మాస్కో గుమ్మం పట్టుకున్నవాళ్లకి 9వ తేదీ పొద్దున్నే ఆ తలుపు మూసుకుపోయింది. మూడో బాంబు తన అనుమతి లేకుండా వెయ్యొద్దని ట్రూమన్ 10న ఆపాడు. ఆ మాట 6వ తేదీ సాయంత్రమే ఎందుకు అనలేదో చెప్పండి.