కథ చదివాక ‘ఎందుకలా అన్నాడు?’ అంటే నీళ్లు నములుతోంది, ఎలా సాధన చేయించాలి?

పటమట అమ్మ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కథలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అంటే టక్కున చెబుతుంది. ‘అతను అలా ఎందుకన్నాడు?’ అంటే నీళ్లు నములుతుంది, లేదంటే కథలో లేనివన్నీ కల్పించి చెబుతుంది. పదిలో ‘అవగాహన – ప్రతిస్పందన’ ప్రశ్నలకు ఇది కావాలి కదా. రోజూ అరగంట కూర్చోబెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బ్రాడీపేట తెలుగు మాస్టారు:
అరగంట చాలమ్మా. కానీ అప్పుడే పూర్తి కథ వద్దు, నాలుగు వాక్యాలివ్వండి. ఇలాంటివి:

“మిర్చి యార్డు నుంచి నాన్న వచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. టార్పాలిన్ మడత కూడా పెట్టకుండా అరుగు మీద పడేశాడు. అమ్మ అన్నం వడ్డించింది, ధర మాత్రం అడగలేదు. ‘ఫీజు గడువు ఎప్పటిదాకా రా?’ అన్నాడు నాన్న, కంచంలోంచి తల ఎత్తకుండా.”

‘ఏం అర్థమైంది?’ అని అడక్కండి, కథంతా మళ్లీ అప్పజెప్పేస్తారు. ‘మిర్చికి మంచి ధర పలికిందా?’ అనండి. లేదంటుంది. ‘ఏ మాట చూసి చెబుతున్నావ్?’ అనండి. ఆ మాట కింద పెన్సిలుతో గీత గీయాలి. చాలామంది టార్పాలిన్ దగ్గర గీస్తారు. అప్పుడు మిగతా వాక్యాలు చేత్తో మూసి, అదొక్కటే చదివించండి. అలసిపోయినవాడు కూడా అలాగే పడేస్తాడు కదా, అదొక్కటే చాలదు. రాత్రి తొమ్మిది కావడం కూడా దేనికీ రుజువు కాదు. అసలు పట్టు అమ్మ దగ్గరుంది. ఎవరైనా ముందు అడిగేది ధరే, ఆమె అడగలేదు. అంటే అతని వాలకంలోనే జవాబు కనిపించింది. నాన్న కూడా ఫీజు ఎంతని అడగలేదు, గడువు అడిగాడు. డబ్బు ఇప్పుడు చేతిలో లేదు.

ఇక సరుకు తక్కువకు అమ్మాడా, ధర నచ్చక, పెరిగాక అమ్ముదామని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడా? రెండూ కుదురుతాయి, ఈ నాలుగు వాక్యాలతో తేల్చలేం. ‘దళారి మోసం చేశాడు’ అంటే మాత్రం ఒప్పుకోకండి, దానికి ఒక్క మాట కూడా ఆధారం లేదు. అందుకే నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా మూడు గళ్లు చేయించండి: కథలోని మాట, దాన్నిబట్టి నా ఊహ, ఎంత నమ్మకం. మూడో గడిలో ‘ఖాయం’, ‘కావచ్చు’, ‘తేల్చలేం’లలో ఒకటి రాయాలి. కథలో లేనివి చెప్పే అలవాటును అణిచేది ఆ మూడో గడే.

ఒక జాగ్రత్త. కోల్డ్ స్టోరేజీ సంగతి గుంటూరు పిల్లలకు చెప్పక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకు తెలియకపోవచ్చు. అది చదవడం రాకపోవడం కాదు. అలాంటి సంగతులు చదివే ముందే రెండు ముక్కల్లో చెప్పేయండి.

పాతపుస్తకాల పాఠకురాలు, విజయవాడ:
మాస్టారి పద్ధతికి ఒకటి కలుపుతాను. మన కథల్లో సగం సంగతి పిలుపుల్లో, మాటల చివర్లలో ఉంటుంది. ‘వచ్చాడు’కీ ‘వచ్చాడట’కీ చాలా తేడా. రెండో దాంట్లో చెప్పేవాడు కళ్లారా చూడలేదు, నమ్మాలో లేదో మనమే చూసుకోవాలి. ‘వాడే తిన్నాడు’, ‘వాడూ తిన్నాడు’ కూడా అంతే. అప్పటిదాకా ‘నువ్వు’ అన్న మనిషి ఉన్నట్టుండి ‘మీరు’ అంటే అక్కడ ఆగాలి. గురజాడ ‘దిద్దుబాటు’ (1910)లో భార్య ఉత్తరం ‘అయ్యా’ అని మొదలవుతుంది. ఆ ఒక్క పిలుపుతోనే ఎంత దూరం జరిగిందో భర్తకు తెలిసిపోతుంది. పిల్లకు ఆ కథ తప్పక ఇవ్వండి, నాలుగైదు పేజీలే. మొదటిసారి పెన్సిల్ లేకుండా చివరిదాకా చదవాలి. ముగింపు తెలిశాక మళ్లీ మొదటికొచ్చి, ముందే ఏయే మాటలు సూచన ఇచ్చాయో వెతికించండి. నిజమైన సాధన ఈ రెండో చదువులోనే.

నీతికథలు మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. చివర్లో నీతి ఉంటుందని తెలిస్తే మధ్యలో ఏదీ చూడరు. లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్లలో కథల సంపుటాలు వెతకండి. ఆదివారం అనుబంధాల్లోని కథలూ పనికొస్తాయి.

పటమట అమ్మ:
చాలా థాంక్స్ అండీ. ఆదివారం కథ పొడవుగా ఉంటుంది, అరగంటలో అవుతుందా? జవాబు రాసేటప్పుడు ఎన్ని వాక్యాలు ఉండాలి?

బ్రాడీపేట తెలుగు మాస్టారు:
రెండు రోజులకు పంచండమ్మా. మొదటి రోజు ముప్పావు కథ దగ్గర ఆపి, తర్వాత ఏం జరుగుతుందో, ఏ మాటను బట్టి అనుకుంటోందో రాయించి, పుస్తకం మూసేయండి. మర్నాడు మిగతాది చదివి పోల్చాలి. ఊహ తప్పినా, చూపిన ఆధారం కథలో ఉంటే మంచి మార్కే వేయండి. ఆధారం లేకుండా కుదిరిన ఊహకు వద్దు.

చిన్న ప్రశ్నకు రెండు వాక్యాలు చాలు. మొదటిది జవాబు, రెండోది ‘ఎందుకంటే’తో మొదలై కథలోని మాటను కొటేషన్లలో చూపేది. ‘అమ్మకు ధర సంగతి ముందే అర్థమైంది. ఎందుకంటే వడ్డించేటప్పుడు “ధర మాత్రం అడగలేదు”.’ అంతే. ‘అమ్మ చాలా మంచిది, ఓర్పు గలది’ లాంటివి రాస్తే కొట్టేయండి. ఇంకోటి, తను ఆలోచిస్తున్నప్పుడు మీరు జవాబు అందించకండి. ఓ నిమిషం ఊరుకోండి, అప్పటికీ రాకపోతే ఏ వాక్యం చూడాలో వేలితో చూపండి చాలు.