గింప్‌లో పాత్ గీశాను, లోపల రంగు ఎట్టా నింపాలి?

ప్రశ్న (గుంటూరు, కొత్తపేట)
అన్నా నమస్తే, మా పెదనాన్న వాళ్ళు కారం ప్యాకెట్లు మొదలుపెడతన్నారు, లేబుల్ నన్నే చెయ్యమన్నారు. గింప్ 2.10లో (ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) పాత్స్ టూల్‌తో ఎండుమిరపకాయ బొమ్మ చుట్టూ గీశా, తొడిమకి ఇంకో పాత్, గీతలు బానే వచ్చినయ్. కానీ బకెట్‌తో కాయ లోపల క్లిక్ చేస్తే లేయర్ మొత్తం ఎర్రగా అయిపోతంది, జేపీజీ తీస్తే అసలు గీతే కనపడట్లా. కాయ ఎరుపు, తొడిమ ఆకుపచ్చ, చుట్టూ సన్నటి ముదురు అంచు, అంతే కావాల్సింది. ఇదే బొమ్మ షాపు ముందు ఫ్లెక్సీకి కూడా వాడాలి.

జవాబు 1
తమ్ముడూ, గింప్‌లో పాత్ అంటే ఉత్త హద్దు గీతే, దానికంటూ రంగుండదు, అందుకే జేపీజీలో రాలేదు. రంగు పడేది లేయర్ మీద. కొత్త ట్రాన్స్‌పరెంట్ లేయర్ తీసుకో, పాత్స్ ప్యానెల్లో కాయ పాత్ సెలెక్ట్ చెయ్యి, ఫోర్‌గ్రౌండ్ ఎరుపు పెట్టు, పాత్స్ టూల్ ఆప్షన్స్‌లో ఫిల్ పాత్ ఉంటది అది నొక్కి సాలిడ్ కలర్ ఇవ్వు. అంచుకి స్ట్రోక్ పాత్, అంటే పాత్ వెంబడి గీత వేసేది. తొడిమకి మాత్రం వేరే లేయర్ పెట్టుకో, ఆకుపచ్చ మార్చమని అడిగితే కాయ జోలికి పోకుండా మార్చుకోవచ్చు.

జవాబు 2 (విజయవాడ, డీటీపీ పని)
పైన చెప్పింది కరెక్టే, కానీ ఫ్లెక్సీ అన్నారు కదండీ. గింప్‌లో నింపాక అది పిక్సెల్సే, తర్వాత పాత్ కదిపినా రంగు పాతచోటే ఉండిపోద్ది, పెద్దది చేస్తే పగిలిపోద్ది. రంగులు ఇంక్‌స్కేప్‌లో వెయ్యండి, అది పిక్సెల్స్ కాకుండా గీతలతోనే బొమ్మ చేసే సాఫ్ట్‌వేర్, ఎంత పెద్దది చేసినా పగలదు, గీసిందేమీ వృథా కాదు. గింప్ పాత్స్ ప్యానెల్లో పాత్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌పోర్ట్ పాత్ అంటే ఎస్‌వీజీ ఫైల్ (గీతల రూపంలో ఉండే బొమ్మ ఫైల్) వస్తది, అందులో ఫిల్ ఖాళీగా, అంచు నల్లగీతగా ఉంటది. ఇంక్‌స్కేప్‌లో తెరిచి కాయ సెలెక్ట్ చేసి కింద రంగుల పట్టీలో ఎరుపు నొక్కితే లోపల నిండుద్ది, షిఫ్ట్ పట్టుకుని నొక్కితే అంచు రంగు మారుద్ది. అంచు మందం ఫిల్ అండ్ స్ట్రోక్‌లో, అంటే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్. బొమ్మ పెద్దది చేసేటప్పుడు పైన బార్‌లో అంచు మందం కూడా పెరిగే బటన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఫ్లెక్సీ సైజుకి అంచు కనపడకుండా పోద్ది.

ప్రశ్న అడిగినవాళ్ళు
చేశానండి, కాయ చాలా బాగా వచ్చింది! తొడిమ దగ్గర మాత్రం ఒక పక్క సూటిగా కోసేసినట్టుంది, అక్కడ అంచు కూడా లేదు. ఇంకోటి, గుంటూరు అని టైప్ చేసి అక్షరాలు విడివిడిగా జరుపుదామని పాత్ చేసి బ్రేక్ అపార్ట్ (ముక్కలుగా విడగొట్టేది) కొట్టా, సున్నా లోపలా రు లోపలా కూడా రంగు నిండిపోయింది.

జవాబు 2
తొడిమ పాత్ మూసుకోలేదండి. మూయని పాత్‌కి కూడా ఇంక్‌స్కేప్ రంగు నింపుద్ది, రెండు చివరల మధ్య సూటిగా గీత ఉన్నట్టు లెక్కేసుకుని, కానీ అంచు అక్కడ వెయ్యదు. నోడ్ టూల్‌తో ఆ రెండు చివరి నోడ్లు (గీత మీద ఉండే చుక్కలు) సెలెక్ట్ చేసి షిఫ్ట్ జె కొట్టండి, కలిసిపోతయ్. సున్నాకి బయటి గుండ్రం, లోపలి గుండ్రం వేరే వేరే బొమ్మలైపోయినయ్, రెండూ పట్టుకుని కంట్రోల్ కె కొడితే మళ్ళీ ఒకటై లోపల ఖాళీ వస్తది, రు కూడా అంతే. అయినా ఖాళీ రాకపోతే ఫిల్ ట్యాబ్‌లో ఫిల్ రూల్ బటన్ మార్చి చూడండి.

జవాబు 3 (గుంటూరు, అరండల్‌పేట)
ఇక్కడ ప్రెస్‌లో చాలామంది కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుస్తారు, అందులో మూయని గీతకి మామూలు సెట్టింగ్‌లో రంగు కనపడదు, కాబట్టి పైన చెప్పినట్టు అన్నీ మూసేసి పంపండి. స్క్రీన్ మీద ఎరుపు ఆర్‌జీబీ (వెలుతురు రంగులు), అచ్చులో సీఎంవైకే (నాలుగు ఇంకులు: సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు), కాస్త డల్ అవుద్ది. మెజెంటా 100, ఎల్లో 100 పెట్టమనండి, ఫ్లెక్సీకి ఇచ్చే ముందు ప్యాకెట్ సైజులో ఒక ప్రింట్ తీయించి బయట వెలుతుర్లో పెదనాన్నగారికి చూపించండి.