నల్ల పిల్లికి ఎండలో చారలు కనిపిస్తున్నాయి, ఎందుకు?

మసిబొగ్గు:
మా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. తల్లిది బూడిద రంగు, ఒళ్ళంతా సన్నటి నల్ల చారలు. మూడు పిల్లలు అచ్చం తల్లి పోలికే. నాలుగోది మాత్రం కటిక నలుపు. కానీ ఎండలో పడుకుంటే దాని తొడల మీద, తోక మీద లీలగా చారలు తేలుతున్నాయి. నీడలోకి రాగానే మాయం. చర్మానికి ఏమైనా అయిందా అని టెన్షన్‌గా ఉంది.

చారలచిట్టి:
ఏమీ కాలేదండీ. వాటిని ఘోస్ట్ మార్కింగ్స్ అంటారు. మా నల్లదానికీ చిన్నప్పుడు ఉండేవి, పెద్దయ్యాక చాలావరకు కలిసిపోయాయి.

తల్లికి రాలిన వెంట్రుకలు తెల్ల కాగితం మీద వేసి చూడండి (పీకకండి మరి!). చార మీద వెంట్రుక దాదాపు నల్లగా ఉంటుంది. చారల మధ్య వెంట్రుకకైతే నలుపు, పసుపు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉండి, కొస నల్లగా ఉంటుంది. అది అగౌటి జన్యువు పని. వెంట్రుక పెరిగేటప్పుడు నల్ల రంగును కాసేపు ఆపి పసుపు వేయిస్తుంది. ఆ జన్యువు పనిచేయని కాపీలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే ఆ పసుపు పట్టీ పడదు. మీ బుజ్జిదానికి చారలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య జాగా కూడా నల్లబడింది.

కమలాతొన:
మరి నారింజ పిల్లుల్లో చారల్లేనిది నాకింతవరకు కనిపించలేదే?

చారలచిట్టి:
కనిపించదు. ఆ రంగు మీద అగౌటి ఉన్నా లేకున్నా ఒకటే, చారలు దాగవు. నారింజ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లికి అది తల్లి నుంచే రావాలి. ఆడదానికి ఒకవైపు నుంచే వస్తే నలుపు, నారింజ కలగలుపు అవుతుంది.

గోడదూకుడు:
నాకు ఒకాయన 'ట్యాబీ జాతి పిల్లి' అని చెప్పి రెట్టింపు ధరకు అంటగట్టాడు. అలాంటి జాతి ఉందా అసలు?

మీసాలరాణి:
లేదు. ట్యాబీ అనేది ఒంటి మీద డిజైన్ మాత్రమే. నిలువు చారలు, పక్కల మీద పెద్ద సుడులు, మచ్చలు, ఇంకా అబిసీనియన్ జాతి పిల్లి‌లా ఒంటి మీద చారలు దాదాపు లేనిది, ఇవన్నీ ట్యాబీలే. నుదుటి మీద ఎం ఆకారం చాలావాటికి ఉంటుంది. వీధి పిల్లుల్లో చాలావాటికి ఇదే వేషం, డబ్బులు దండగ.

అసలు పాతది నిలువు చారలదే. ఇంటి పిల్లికి మూలమైన అడవిపిల్లి ఫెలిస్ లిబికాది అదే డిజైన్, గడ్డిలో దాక్కోవడానికి పనికొచ్చేది. సుడులది బాగా తర్వాత వచ్చింది. పాత ఎముకల్లోని డీఎన్ఏ మీద 2017లో వచ్చిన పరిశోధన ప్రకారం, అది 14వ శతాబ్దంలో ఒట్టోమన్ సామ్రాజ్యంలో మొదట కనిపిస్తుంది, 18వ శతాబ్దానికి గానీ మామూలైపోలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి: ఈ సుడులకు కారణమైన జన్యువును 2012లో పట్టుకున్నారు, పేరు టాక్‌పెప్. అదే జన్యువు చెడితే చీతాకు చుక్కలు కలిసిపోయి పెద్ద మరకలు, వీపు మీద చారలు వస్తాయి. కింగ్ చీతా అనేది అదే!

కమలాతొన:
మా దానికి ఆపరేషన్‌కి పొట్ట పక్కన షేవ్ చేశారు. బొచ్చు మళ్ళీ వచ్చాక చార ఎక్కడ తెగిందో అక్కడే అతుక్కుంది. కొలిచి గీసినట్టు.

మీసాలరాణి:
అవును, ఆ ముగ్గు తల్లి కడుపులోనే పడిపోతుంది. పిండం చర్మానికి ఇంకా వెంట్రుక కుదుళ్ళు రాకముందే, ఏ భాగం ముదురుగా ఉండాలో నిర్ణయమైపోతుందని 2021లో తేల్చారు. డీకేకే4 అనే జన్యువు అక్కడ పనిచేస్తుంది. ఇలా రెండు రసాయనాల పోటీలో చారలు పుట్టవచ్చని గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లోనే లెక్కలు వేసి చూపించాడు. సయామీస్ జాతి పిల్లుల సంగతి వేరు. వాటికి చలికి రంగు ముదురుతుంది, షేవ్ చేసిన చోట నల్లగా మొలవచ్చు.

మసిబొగ్గు:
హమ్మయ్య. అయితే తండ్రి నల్ల గండుపిల్లే అయి ఉండాలా?

చారలచిట్టి:
అక్కర్లేదు. చారల గండుపిల్లి కూడా ఒక కాపీ దాచుకుని ఉండొచ్చు, మీ తల్లిపిల్లి దాచుకున్నట్టే. పైగా ఒకే కాన్పులో పిల్లలకు తండ్రులు వేరువేరుగా ఉండటం పిల్లుల్లో మామూలే.

మసిబొగ్గు:
అలాగైతే అనుమానితుల లిస్టు పెద్దదేనండీ.